ల్యాప్‌టాప్ డిస్కు మార్పిడి, ఆపరేటింగ్ సిస్టమ్ తాజాకరణ: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

ల్యాప్‌టాప్‌లో పాడైన హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ బిగించడం, దాని మీద విండోస్ ఎక్కించి నేటి అప్‌డేట్ల దాకా తేవడం వాడుకలో ఒకే పనిగా చెలామణీ అవుతున్నాయి. చాలా చోట్ల బిల్లులో కూడా రెండూ ఒకే వరుసలో పడతాయి. నిజానికి మొదటిది మరమ్మతు, రెండోది మార్పు. మరమ్మతుతో యంత్రం మునుపటి స్థితికి వస్తుంది. మార్పుతో మునుపు లేని స్థితికి వెళ్తుంది. పటాన్‌చెరు వైపు పరిశ్రమల్లో ఈ తేడాను పట్టించుకోవలసిన అవసరం మరీ ఎక్కువ. అక్కడ ఒక ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ బిల్లులు కొడుతుంటారు, మరొకటి కంట్రోల్ ప్యానెల్ ముందు, యంత్రాలను నడిపే పీఎల్‌సీకి తగిలించి ఉంటుంది, ఇంకొకటి క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ అనే క్రొమాటోగ్రఫీ పరికరం పక్కన ఉంటుంది. డిస్కు మార్చే పద్ధతి మూడింటికీ ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఓఎస్) ఎంతవరకు తాజా చేయాలన్నది మాత్రం ప్రతి యంత్రానికీ విడిగా తేల్చుకోవలసిందే.

ముంబయి రహదారి వెంట విస్తరించిన ఈ ప్రాంతం ఒక్కసారిగా ఏర్పడింది కాదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఎదుగుదలను సాధారణంగా 1970ల నుంచి లెక్కిస్తారు. ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వైపు ఔషధ, రసాయన పరిశ్రమలు పరచుకున్నాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి విడి జిల్లా అయింది కాబట్టి అంతకు ముందరి పత్రాల్లో ఇదంతా మెదక్ జిల్లాగానే కనిపిస్తుంది. 2008లో ఎద్దుమైలారంలో మొదలై తర్వాత కందికి మారిన ఐఐటీ హైదరాబాద్, రుద్రారంలోని గీతం విద్యాసంస్థ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లను కూడా ఈ లెక్కలో కలపాలి. ఈ ప్రాంతం మీద వచ్చిన రచనల్లో అధిక భాగం నక్కవాగు, ఇసుకవాగు కాలుష్యం గురించినవి. ఫ్యాక్టరీల్లోని కంప్యూటర్ల గురించి రాసినవి తక్కువ.

డిస్కు మార్చాక ఓఎస్‌ను తిరిగి తెచ్చుకునే దారులు మూడు: తయారీదారు ఇచ్చిన రికవరీ కాపీ నుంచి తెచ్చుకోవడం, పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేయడం, ఇప్పటి అధికారిక ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి కొత్తగా ఎక్కించడం. మెకానిక్‌లు ఎక్కువగా మొగ్గేది క్లోనింగ్ వైపే. సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ యథాతథంగా వస్తాయి, వాడేవారికి తేడా తెలియదు. ఈ సౌకర్యం నిజమే. కానీ ఓఎస్‌ను తాజా చేయడమే లక్ష్యమైతే, యంత్రానికి ప్రత్యేక కట్టుబాట్లు లేనంతవరకు, మూడో దారే మేలని ఆధారాలు చెబుతాయి. క్లోన్‌తో పాటు పాత డిస్కు విభజన పద్ధతి కూడా కొత్త డిస్కుకు వచ్చేస్తుంది. ఎంబీఆర్ పద్ధతిలో ఉన్న డిస్కు అలాగే వస్తే యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ కోరే విండోస్ 11కు అది అడ్డు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ సాధనంతో దాన్ని మార్చవచ్చుగాని, అది అదనపు మెట్టు. ఇంకా స్పష్టమైన ఉదాహరణ 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అప్‌డేట్. రికవరీ విభాగంలో 250 ఎంబీ ఖాళీ లేని యంత్రాల్లో అది 0x80070643 అనే లోపంతో ఆగిపోయింది. 1 టీబీ ఎస్ఎస్‌డీ వేసినా, క్లోన్‌తో వచ్చిన రికవరీ విభాగం పాత కొలతలోనే ఉంటే ఆ లోపం తప్పదు. దీనికి తోడు, సెక్టార్లు చెడిపోతున్న డిస్కు నుంచి తీసిన క్లోన్‌లో దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్లు కూడా ఉంటాయి. వాటి ఫలితం ఏ నెలవారీ అప్‌డేట్ దగ్గరో బయటపడుతుంది, అప్పటికి అందరూ కొత్త డిస్కునే అనుమానిస్తారు.

రికవరీ కాపీ దారి ఇంకా బలహీనం. అది యంత్రాన్ని కొన్ననాటి విండోస్‌కు తీసుకెళ్తుంది. విండోస్ 10, 11లలో నెలవారీ అప్‌డేట్లు సంచితాలు కాబట్టి పాతవన్నీ వరసగా వేయనక్కరలేదు. కొత్త ఇన్‌స్టాలర్‌తో నేరుగా చివరి వెర్షన్‌కు దూకవచ్చు. విండోస్ 7లో ఆ వెసులుబాటు లేదు. పైగా 2019 ఆగస్టు నుంచి దాని అప్‌డేట్లకు ఎస్‌హెచ్‌ఏ-2 సంతకాలే వాడారు. ఆ సంతకాన్ని గుర్తించే కేబీ4474419, కేబీ4490628 ముందుగా చేతితో వేయకపోతే, అప్పటి సర్వీస్ ప్యాక్ 1 డిస్కుతో ఎక్కించిన విండోస్ 7 తర్వాతి అప్‌డేట్లను స్వీకరించదు. ఇప్పటికీ విండోస్ 7 మీద నడుస్తున్న పాత పరికరాలకు డిస్కు పోయినప్పుడు ముందుగా గుర్తుకు రావలసిన సంగతి ఇది.

కొత్తగా ఎక్కించేటప్పుడు వచ్చే చిక్కులు కొన్ని చిన్నవే అయినా తప్పుదారి పట్టిస్తాయి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఎస్ఎస్‌డీ పనిచేయడం లేదని షాపుకు వాపసు ఇవ్వబోయే ముందు ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లోడ్ చేసి చూడాలి. విండోస్ 11 మొదటి సెటప్‌లో ఇంటర్నెట్ అడుగుతుంది, వైఫై డ్రైవరేమో అప్పటికి ఉండదు. ల్యాన్ కేబులో, ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగో సిద్ధంగా ఉంచుకోవాలి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు గడియారం వెనక్కి పోయిన యంత్రంలో భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి అప్‌డేట్ సర్వర్‌తో సంబంధమే కుదరదు. తేదీ సరిచేస్తే చాలు, మరో మరమ్మతు అక్కర్లేదు.

డిస్కు మార్పుతో మారనివి ప్రాసెసర్, టీపీఎం చిప్. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0ను, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి ఉన్న ప్రాసెసర్‌ను కోరుతుంది. 7వ తరం ల్యాప్‌టాప్‌కు ఎంత వేగమైన ఎస్ఎస్‌డీ వేసినా దాని అధికారిక గమ్యం విండోస్ 10 22హెచ్2 దగ్గరే ఆగుతుంది. తనిఖీని తప్పించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నా, అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఆఫీసు పనికి ఆ దారిని సిఫారసు చేయడం కష్టం. విండోస్ 10 గడువు విషయంలో ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెబుతారు. సాధారణ ఎడిషన్లకు 2025 అక్టోబరు 14 చివరి రోజు. పొడిగింపు పథకంలో చేరిన వ్యక్తులకు 2026 అక్టోబరు 13 వరకు, డబ్బు కట్టే సంస్థలకు మూడేళ్ల వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. పరికరాలతో వచ్చే ఎల్‌టీఎస్‌సీ ఎడిషన్ల లెక్క వేరు: 2019 ఎడిషన్‌కు 2029 జనవరి 9, 2021 ఎడిషన్‌కు 2027 జనవరి 12, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ 2021కి 2032 జనవరి 13. 2019ది పాత ఎడిషనే అయినా దాని ఆయుష్షు 2021 దానికంటే రెండేళ్లు ఎక్కువ. కాబట్టి విండోస్ 10 గడువు అయిపోయిందన్న ఒక్క మాట మీద ల్యాబు యంత్రాన్ని మార్చేయడం తొందరపాటు. ఎడిషన్ పేరు చూసే నిర్ణయించాలి.

లైసెన్సు విషయంలోనూ తేదీలు తికమకపెడతాయి. విండోస్ 8 నాటి నుంచి చాలా ల్యాప్‌టాప్‌ల కీ బయాస్‌లోనే ఉంటుంది, విండోస్ 10 డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. కాబట్టి డిస్కు మారినంత మాత్రాన కొత్త కీ కొనాలని ఎవరైనా చెబితే అది సాధారణంగా నిజం కాదు. విండోస్ 7, 8 కీలతో ఉచితంగా విండోస్ 10కు మారే అవకాశం 2016 జూలై 29న ముగిసిందని కొందరు, 2023 సెప్టెంబరు దాకా ఉందని కొందరు రాస్తారు. మొదటిది ప్రకటించిన గడువు, రెండోది ఆచరణలో ఆ కీలను తిరస్కరించడం మొదలైన కాలం. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారికి రెండోదే పనికొచ్చే తేదీ: ఆలోపు ఒకసారి విండోస్ 10 యాక్టివేట్ అయిన యంత్రం కొత్త డిస్కు మీద కూడా యాక్టివేట్ అవుతుంది. ఇంకా విండోస్ 7 స్టిక్కర్ మీదే ఆధారపడిన యంత్రానికి ఆ తలుపు మూసుకుంది.

కొత్తగా ఎక్కించడమే మేలన్న వాదనకు గట్టి అభ్యంతరం ఔషధ పరిశ్రమల నుంచి వస్తుంది, అది న్యాయమైనది కూడా. అమెరికాకు మందులు పంపే సంస్థకు ఎలక్ట్రానిక్ రికార్డుల మీద ఆ దేశపు నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 వర్తిస్తుంది. దీనికి 1997 మార్చి, 1997 ఆగస్టు అనే రెండు తేదీలు కనిపిస్తాయి. మొదటిది ప్రచురణ, రెండోది అమలు. నిల్వ కాలమంతా ఎలక్ట్రానిక్ రికార్డులను కచ్చితంగా, వెంటనే తీసి చూపగలగాలని, వ్యవస్థ వాలిడేట్ అయి ఉండాలని, ఆడిట్ ట్రయల్ ఉండాలని అది కోరుతుంది. 2011 జూన్ 30 నుంచి అమలులో ఉన్న ఐరోపా ఔషధ తయారీ నియమాల అనుబంధం 11 బ్యాకప్ తీస్తే సరిపోదని, దాన్ని తిరిగి తేగలమో లేదో పరీక్షించి చూడాలని చెబుతుంది. మన దేశంలో 2023 డిసెంబరులో సవరించిన ఔషధ తయారీ నియమాల షెడ్యూల్ ఎం కూడా కంప్యూటర్ వ్యవస్థలను తన పరిధిలోకి తెచ్చింది. ఇలాంటి ల్యాబులో క్రొమాటోగ్రఫీ సాఫ్ట్‌వేర్ ఏ విండోస్ వెర్షన్ మీద క్వాలిఫై అయిందో ఆ వెర్షనే ఆమోదిత స్థితి. అదే రకం డిస్కు వేసి, ఆమోదించిన ఇమేజ్‌ను తిరిగి ఎక్కించి, పాత ఫలితం ఒకటి తెరిచి సరిచూసుకోవడం మరమ్మతు కింద వస్తుంది. అదే అవకాశంగా కొత్త విండోస్ కూడా ఎక్కిస్తే అది ఛేంజ్ కంట్రోల్‌తో, రీక్వాలిఫికేషన్‌తో ముడిపడిన వేరే పని. రెండూ ఒకే రోజు చేస్తే, తర్వాత ఫలితంలో తేడా వచ్చినప్పుడు కారణం డిస్కా, ఓఎసా తేల్చే ఆధారం మిగలదు. ఇక్కడ క్లోనింగ్ పక్షం వారిదే పైచేయి. కాకపోతే వారు చెప్పే క్లోన్ చెడిపోతున్న డిస్కు నుంచి ఆఖరి నిమిషంలో తీసింది కాకుండా, యంత్రం బాగున్న రోజున తీసి పరీక్షించి పెట్టిన ఇమేజ్ అయి ఉండాలి.

ఆ మినహాయింపును ఎప్పటికీ అప్‌డేట్ వద్దనే అనుమతిగా చదవకూడదు. 2017 మే 12న వ్యాపించిన వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఎంఎస్17-010 పేరుతో సవరణ ఇచ్చింది. నష్టపోయినవి ప్రధానంగా దాన్ని వేసుకోని యంత్రాలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పటి పత్రికలు రాశాయి. ఎన్ని అన్న విషయంలో వార్తలు ఏకీభవించవు. ల్యాబు యంత్రాలకు ఇంటర్నెట్ లేదు కదా అనే సమాధానం సగమే నిలుస్తుంది. వన్నాక్రై లోపలి నెట్‌వర్క్‌లో ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకింది, పెన్‌డ్రైవ్‌లు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి. మరమ్మతు పూర్తయి యంత్రం ఆమోదిత స్థితికి వచ్చాక, భద్రతా అప్‌డేట్‌ను విడి మార్పుగా పెట్టి, పరికరం సరఫరాదారు అంగీకరించిన వరుసలో పరీక్షించి వేయడమే రెండు అవసరాలనూ తీర్చే పద్ధతి. దీనికి సమయం, మనుషులు కావాలి. చిన్న యూనిట్లకు ఆ భారం తేలిక కాదు. అయినా భారాన్ని తప్పించుకోవడానికి రెండు పనులనూ కలిపేస్తే రికార్డుల మీద నమ్మకమే పోతుంది, ఔషధ పరిశ్రమలో దానికంటే పెద్ద నష్టం లేదు.

పీఎల్‌సీ ల్యాప్‌టాప్‌ల సంగతి కొంత వేరు. కొన్ని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ల లైసెన్సు కీలు డిస్కులోనే ఉంటాయి. డిస్కు పూర్తిగా చావకముందే వాటిని వేరే చోటికి బదిలీ చేసుకోవాలి, లేకపోతే సరఫరాదారును ఆశ్రయించాలి. అకౌంట్స్ యంత్రానికి ట్యాలీ లైసెన్సు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ తిరిగి వేయడం ముఖ్యం. 2023 ఆగస్టు నుంచి రూ.5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారులకు ఇ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కాబట్టి ఒక్కరోజు ఆగినా లారీ గేటు దగ్గరే నిలబడవచ్చు. విండోస్ 11కు నోచుకోని విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు, 2029 వరకు మద్దతున్న ఉబుంటు 24.04 లినక్స్ మంచి ఆశ్రయం.

తీసేసిన డిస్కును ఏం చేయాలన్నది యంత్రాన్ని బట్టే తేలుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని నమోదిత రీసైక్లర్‌కు చేర్చాలి. అంతకు ముందు డేటా తుడిచేయాలి లేదా డిస్కును ధ్వంసం చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ వేసి ఉంటే రికవరీ కీ దొరికిందా, ఫైళ్లు కొత్త డిస్కులోకి వచ్చాయా అని చూసుకున్న తర్వాతే ఆ పని. క్యూసీ ల్యాబు డిస్కు మాత్రం అందులోని ముడి డేటా బ్యాకప్‌లో సరిపోలిందని లిఖితంగా తేలేవరకు, పరికరం నంబరుతో సీలు వేసి క్వాలిటీ విభాగం ఆధీనంలోనే ఉండాలి.