పావు అంగుళం లెక్క: మన ఇళ్ల బొంతల చరిత్ర

ప్రతి ఏటా మన సంచికలో పెద్దల సేవలు, పిల్లల చదువుల గురించి చదువుకుంటున్నాము. ఈసారి మన ఇళ్లల్లో పెట్టె అడుగున మడతపెట్టి ఉన్న ఒక వస్తువు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. అదే బొంత. మన దాదీలు, నానీలు గుదడి అనేవారు.

బొంత వేరు, రజాయి వేరు. రజాయిలో ఏకిన దూది ఉంటుంది. బొంతకు పాత చీరలు, లుంగీలు, దోవతులే చాలు. వాటిని పొరలుగా పరచి, పైన రంగు రంగుల ముక్కలు అమర్చి, ఈ చివర నుంచి ఆ చివరకు టాకాలు వేస్తారు. దూది ఏకి రజాయిలు, పరుపులు చేయుట తెలుగునాట దూదేకుల వారి వృత్తి. వీరినే నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని కూడా అంటారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో వీరి ప్రస్తావన కలదు. 1970లో రాష్ట్ర ప్రభుత్వం వీరిని వెనుకబడిన తరగతుల ‘బి’ గ్రూపులో చేర్చింది. ఆ విధంగా దూది ఏకే పని కాగితాలకు ఎక్కింది. ఇంటి మూల కూర్చుని బొంత కుట్టిన ఆడవారి పనిని మాత్రం ఎవరు రాసిపెట్టారు?

మన ఉప్పల్, నాచారం ఒకప్పుడు పొలాల నడుమ ఉన్న ఊళ్లు. 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. తర్వాత రెండు చోట్లా పారిశ్రామిక వాడలు వెలిశాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2016 నుంచి మనది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఈ మార్పులతో పాటు ఇళ్లూ మారాయి. నులక మంచం పోయి డబుల్ కాట్ వచ్చింది. మంచం మారేసరికి బొంత కొలత కూడా మార్చవలసి వచ్చింది. చిక్కంతా అక్కడే ఉన్నది.

మాలో ఒకరింట్లో జరిగిన సంగతి చెబుతాము. దాదీ కుట్టిన బొంత నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. అందులో 12 అంగుళాల గడులు 24. ఒక్కో గడిలో నాలుగు చదరపు ముక్కలు. దాదీ పోయాక ఆమె చీరలతో మనవరాలు అదే కొలత బొంత, చిన్న గడులతో కుట్టబోయింది. పాత ముక్క విప్పి కొలిస్తే ఆరున్నర అంగుళాలు వచ్చింది. గడి సగం కావాలి గనుక మూడుంపావు అంగుళాలకు కత్తిరించింది. తీరా కుట్టాక గడి ఆరు అంగుళాలు రాలేదు, అయిదున్నరే వచ్చింది. వెడల్పులో ఎనిమిది గడులు కలిపితే 48 అంగుళాలకు బదులు 44. పొడవులో పన్నెండు కలిపితే 72కు బదులు 66. కత్తెర పడ్డ దాదీ చీర మళ్లీ వస్తుందా?

తప్పు ఎక్కడంటే, ముక్క చిన్నదైనా పెద్దదైనా ప్రతి అంచున కుట్టులోకి పోయే బట్ట పావు అంగుళమే. అది సగం కాదు, రెట్టింపూ కాదు. కనుక ముందుగా కుట్టాక కనబడవలసిన కొలత తేల్చుకోవాలి, ఆ తర్వాత అర అంగుళం కలపాలి. మూడు అంగుళాలు కనబడాలంటే మూడున్నరకు కత్తిరించాలి. ఆరు కనబడాలంటే ఆరున్నరకు. గడిని విప్పకుండా పెంచే ఉపాయమూ కలదు. ఆరు అంగుళాల గడికి నాలుగు వైపులా రెండు అంగుళాల పట్టీ కుడితే, కుట్టు పోను ఒకటిన్నర కనబడి, గడి తొమ్మిది అంగుళాలవుతుంది. దాదీలు బడికి పోలేదని అంటాము గానీ, జేనలతో, బెత్తెలతో ఈ లెక్కంతా చేసింది వాళ్లే కదా!

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధి స్త్రీలు, ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు అందరూ, కవంది అనే బొంత కుడతారు. వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి వస్తారు. అమెరికాలోని అలబామాలో నల్లజాతి స్త్రీలు 1966లో బొంతల సహకార సంఘం పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించారు. అదే ప్రాంతపు గీస్ బెండ్ స్త్రీల బొంతలను 2002లో పెద్ద మ్యూజియంలలో గోడలకు వేలాడదీశారు.

మన బొంతలకు మ్యూజియం దొరకకపోయినా ఫరవాలేదు. ఇంట్లో కుట్టగలిగిన దాదీ, నానీ, ఖాలా ఎవరున్నా, ఈ చలికాలం లోపల ఆమె పక్కన కూర్చుని, ముక్క ముక్కా కొలిచి, నోటుబుక్కులో రాసుకోవలసిందిగా మన ఆడపిల్లలను, మగపిల్లలను కూడా కోరుతున్నాము. బొంత చిరిగితే మరొకటి కుట్టుకోవచ్చు. లెక్క తెలిసిన మనిషి ఉండగానే అడిగి తెలుసుకోవాలి.