పుట్టినింటి కులము, మెట్టినింటి పేరు



వివాహమైన స్త్రీకి ఇంటిపేరు మారును, గోత్రము మారును. సప్తపదితో ఆమె భర్తృగోత్రమున చేరునని మన ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిరి. పుట్టినింటి మైల సైతము ఆమెకు తగ్గును. ఇన్ని మారగా కులము మాత్రమేల మారదని మన పల్లెలలో పలువురు తలంతురు. సర్కారు ఉద్యోగముల రిజర్వేషన్ల విషయమున ఈ తలంపు చెల్లదు. చెల్లునని నమ్మి జీవనాధారమును కోల్పోయినవారు కలరు.

మదరాసు రాజధానిలో కులములవారీగా ఉద్యోగములు పంచు ఉత్తరువు 1921లోనే పుట్టినది. 1950లో రాజ్యాంగము అమలులోనికి రాగా, ఆ యేడే షెడ్యూల్డు కులముల పట్టిక వెలువడెను. ఒక కులమున పుట్టి వేరొక కులమున మెట్టిన స్త్రీని ఏ వరుసలో నిలుపవలెనో ఆ పట్టికలో లేదు. 1975లో కేంద్ర హోంశాఖ రాష్ట్రములకు లేఖ వ్రాసి ఈ సంగతి తేల్చెను. పెండ్లి మూలమున ఎవరును షెడ్యూల్డు కులమున చేరరు. ఆ కులమున పుట్టినవారు అన్యకులస్థులను పెండ్లాడినను దానిని కోల్పోరు.

ఇట్లేల? కారణమును 1996లో సుప్రీంకోర్టు వివరించెను. కేరళమున సిరియన్ కాథలిక్ కుటుంబమున జనించిన యొక యువతి, వెనుకబడిన తరగతిగా గుర్తింపబడిన లాటిన్ కాథలిక్ వర్గీయుని పెండ్లాడి, కొచ్చిన్ విశ్వవిద్యాలయమున ఆ వర్గమునకు కేటాయించిన న్యాయశాస్త్రోపన్యాసక పదవిని పొందెను. ఆమె భర్త కుటుంబమున సభ్యురాలగుటను న్యాయమూర్తులు కాదనలేదు. కాని బాల్యమునుండి అనుకూలమైన ఇంట పెరిగినవారికి, వెనుకబాటు బాధ ననుభవించినవారి కొఱకు ఏర్పరచిన పదవి చెందదనిరి. గోత్రము మారినను బాల్యము మారదు గదా.

ఉత్తరప్రదేశమున అగర్వాల్ కుటుంబమున పుట్టి జాటవ కులస్థుని పెండ్లాడిన యొక ఉపాధ్యాయిని కథ మరింత కష్టమైనది. 1991లో అధికారులే ఆమెకు షెడ్యూల్డు కుల పత్రమునిచ్చిరి. దానితో కేంద్రీయ విద్యాలయమున చేరి ఇరువదేండ్లకు పైగా పాఠములు చెప్పెను. పిమ్మట ఫిర్యాదు రాగా పత్రము రద్దాయెను, ఉద్యోగము పోయెను. ఆమె దేనిని దాచలేదు. చదువు పత్రములలో అగర్వాల్ అనియే యుండెను. 2018లో సుప్రీంకోర్టు కులము మారదని చెప్పుచునే, మోసము లేదు గనుక తొలగింపును నిర్బంధ పదవీవిరమణగా మార్చెను. పొరపాటు చేసినది కచేరి, ఫలము ననుభవించినది పంతులమ్మ.

ఆ యేడే మరొక తీర్పు. పంజాబున వాల్మీకి కులమున పుట్టి, ఉత్తరాఖండమున అదే కులమువారింటికి కోడలైన స్త్రీకి అచ్చట రిజర్వేషను దక్కలేదు. కులము రెండు రాష్ట్రముల పట్టికలయందును కలదు. ఆమె మాత్రము వలసవచ్చినదాయెను. కోడలు తనంత తాను వలసపోవునా? ఈ నియమము నాకు కఠినముగా తోచును. మన తెలుగునాడు 2014లో రెండు రాష్ట్రములైనది గనుక, హద్దు దాటించి బిడ్డనిచ్చువారు ముందుగా దీనిని విచారించుకొనుట మేలు.

నేను ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిని. ప్రవేశపు రిజిస్టరులో కులమను గడిని తండ్రి నోటిమాటనుబట్టి నింపుచుంటిని. ఒక తండ్రి పట్టికలోని పేరు చెప్పక ఊరి వాడుకపేరు చెప్పగా అదియే వ్రాసితిని, మరల అడుగలేదు. ఆ పిల్ల పెండ్లియై పొరుగు జిల్లాకు పోయినది. ఉద్యోగమునకు పిలుపు వచ్చినపుడు నా వ్రాత అడ్డు తగిలెను. చంకబిడ్డతో పలుమారులు కచేరికి తిరిగెను. తుదకు ఆమె పుట్టిన ఊరి పెద్దలిద్దరు తహశీలుదారు ఎదుట వాఙ్మూలమీయగా పత్రము చేతికి వచ్చెను. ఆ పెద్దలలో నొకరు ఆమె తాతతో కలిసి పొలము దున్నినవారు. అప్పటికి ఉద్యోగమున చేరు గడువు రెండు దినములు మిగిలియుండెను.