పులుపును కొలిచిన కథ: చింతపండు నుంచి ఈతకొలను దాకా



బస్తర్ అడవుల్లో, నేటి సుక్మా జిల్లాలో ఉన్న జగర్‌గుండా గ్రామాన్ని ఊహించుకోండి. అక్కడ మీకు ఈతకొలను కనిపించదు. కాని ఈతకొలను నీటిని అర్థం చేసుకోవడానికి కావలసిన వస్తువులు మాత్రం అక్కడి ఇళ్లలోనే దొరుకుతాయి. బస్తర్ అడవి ఫలసాయంలో ముఖ్యమైన చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. పొయ్యిలోని బూడిద, తాంబూలంలోని సున్నం క్షారాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. దాని మీద చింతపండు రసం పోసి చూడండి, మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఇలా రంగు మారి ఆమ్ల, క్షారాలను పట్టిచ్చే పదార్థాన్నే సూచిక అంటాం.

ఈ రంగుల మార్పును పద్ధతిగా పరీక్షించి గ్రంథస్థం చేసినవాడు రాబర్ట్ బాయిల్. వయొలెట్ పువ్వుల రసం ఆమ్లంలో ఎర్రబడటాన్ని, క్షారంలో ఆకుపచ్చగా మారటాన్ని ఆయన 1664లో వివరించాడు. అయితే రంగు చెప్పేది స్థూలమైన సంగతి. ‘ఎంత పులుపు?’ అన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు రావడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది.

1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైములపై పరిశోధిస్తున్న సోరెన్‌సెన్ పీహెచ్ కొలబద్దను ప్రతిపాదించాడు. హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు తగ్గినప్పుడల్లా పీహెచ్ ఒక అంకె పెరుగుతుంది. కాబట్టి 7 నుంచి 8కి మార్పు చిన్నదని అనుకోకండి, అది పదింతల తేడా! తర్వాత 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపును కొలవడానికి ఒక విద్యుత్ పరికరం తయారుచేశాడు. ఆ రసంలో కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ లిట్మస్ రంగును పోగొట్టేది. అందువల్ల రంగుతో పని లేని పరికరం కావలసి వచ్చింది. నేటి పీహెచ్ మీటరుకు అదే పూర్వరూపం.

ఇక నీటి కథకు వద్దాం. 1908 సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ సిటీ నగరానికి సరఫరా చేసే నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయడం మొదలైంది. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 28న, హైదరాబాదును మూసీ వరద ముంచెత్తింది. ఒక నగరం నీటిలోని సూక్ష్మజీవులను జయించే దారి కనుగొంటే, మరో నగరం నీటికే బలైంది. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్ వచ్చింది.

క్లోరిన్ పనితనం పీహెచ్ మీద ఆధారపడుతుంది. క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. సూక్ష్మజీవులను చంపడంలో ఇదే అసలు బలం. పీహెచ్ పెరిగితే ఇది బలహీనమైన హైపోక్లోరైట్‌గా విడిపోతుంది. పీహెచ్ 7.5 దగ్గర సుమారు సగం, 8 దగ్గర సుమారు నాలుగో వంతు మాత్రమే హైపోక్లోరస్ ఆమ్లంగా మిగులుతుంది. అందుకే ఈతకొలనులో పీహెచ్‌ను 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతారు.

మరి ఇంటి కొలనులో పీహెచ్ ఎందుకు పెరుగుతుంది? నీరు చిమ్ముతూ కదులుతుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పాచి పెరిగితే పగటివేళ అదీ ఆ వాయువును లాగేసుకుంటుంది. కొత్త సిమెంటు పూతలోంచి సున్నం ఊరుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లోనూ సున్నం ఉంటుంది. నీరు పచ్చబడిందని పీహెచ్ చూడకుండా పౌడర్ గుమ్మరిస్తే, క్లోరిన్ పెరిగినా దాని బలం తగ్గిపోవచ్చు. సరైన పద్ధతి ఇది: ముందు పీహెచ్‌ను, నీటి క్షారత్వాన్ని కొలవాలి. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నో, సోడియం బైసల్ఫేట్‌నో కొద్దికొద్దిగా కలిపి, నీటిని తిప్పి, మళ్లీ కొలవాలి. క్షారత్వం ఎక్కువగా ఉంటే, దించిన పీహెచ్ మళ్లీ మళ్లీ పైకి వస్తుంది. ఒక హెచ్చరిక: ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ ఒకదానితో ఒకటి కలపకండి. విషవాయువు వెలువడుతుంది.

పెద్దవారికీ పొరపాటు తప్పదు. పి.వి. సింధు రజతం గెలిచిన 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను పచ్చబడింది. నిర్వాహకులు మొదట క్షారత్వంలో మార్పు అన్నారు. తర్వాత, కొలనులో పోసిన 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ క్లోరిన్‌ను నిర్వీర్యం చేసిందని తేలింది.

ఈతకొలను లేని ఊరికి ఈ పాఠం ఎందుకని అడగవచ్చు. ఊరి బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసినప్పుడూ ఇదే రసాయనం పనిచేస్తుంది. పీహెచ్ 8 లోపు ఉండాలి, క్లోరిన్ కనీసం అరగంట నీటిలో నిలవాలి, ఆ తర్వాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొలనులో లెక్క తప్పితే కళ్లు మండుతాయి. బావిలో తప్పితే పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఈరోజే కొంచెం పసుపు, సున్నం, చింతపండు తీసుకుని రంగులు గమనించండి. తర్వాత పీహెచ్ కాగితంతో మీ ఊరి బావి నీటిని ఉదయం ఒకసారి, చెరువు నీటిని మధ్యాహ్నం ఒకసారి పరీక్షించి నోటుబుక్కులో రాసుకోండి. పసుపు చెప్పలేనిది అంకె చెబుతుంది.