మిద్దె మీద చౌడు, తులసికోటలో తీగ

మృగశిర కార్తె ఇంకా నాలుగు దినాలుందనగా మా పక్క ఏ ఊరికి పోయినా మనుషులు నేల మీద కన్నా మిద్దెల మీదే ఎక్కువ కనపడేవాళ్లు. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ ఊర్లన్నీ అప్పుడు మట్టిమిద్దెలే కదప్పా. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో, ఆపైన మందంగా మట్టి, అన్నిటికీ మీద చౌడు. వానలు పడకముందే ఆ చౌడు పరుచుకోవాలని అందరూ మిద్దెలెక్కేవాళ్లు. నీకు బుద్ధి తెలిసేసరికి అన్నీ పడగొట్టి స్లాబులు పోసినారు. అందుకే అట్ల నోరు తెరుచుకొని వింటున్నావు.

చౌడంటే బీళ్లలో తెల్లగా పొంగి, గడ్డి కూడా మొలవనియ్యని మన్ను. సేద్యగాడు తిట్టుకునే ఆ మన్నే ఇంటికి గొడుగు. దాంట్లో సోడా ఉప్పు ఎక్కువ. వాన తగలగానే సన్నటి రేణువులు విడిపోయి, ఉబ్బి, రవ్వంత సందు కూడా మిగలకుండా పూడ్చేస్తాయి. ఇంక నీళ్లు లోపలికి దిగలేక దోనె దారి పట్టి వీధిలో పడతాయి. చౌడుకు దుడ్లు అడిగేవాడు లేడు, బండి తోలినోనికి కూలిస్తే చాలు. మా చేన్లలో నల్లరేగడికి కొదవ లేదు గానీ దాన్ని ఎవ్వరూ మిద్దెకు ఎక్కించరు. ఎండకు అది చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది.

మా చిన్నాయన ఉండేవాడు. ఆయప్ప చెయ్యి ఊరికే ఉండేది కాదు. నులకమంచం వదులైనా, తలుపు కిర్రుమన్నా, బావి గిలక పట్టేసినా, ముందు ఆయప్ప చూడాల. తర్వాతే వడ్లాయన. వడ్లాయన వచ్చేటప్పటికి పని రెండింతలయ్యేదని మా జేజి అనేది. చిన్నాయన ఒప్పుకుంటాడా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఒక వానకాలం పడసాలలో, సరిగ్గా జేజి మంచం మీద, బొట్టుబొట్టు కారడం మొదలైంది. చిన్నాయన మిద్దెక్కి ఆ బొట్టుకు నేరుగా పైన చౌడు పోసి దిమ్మిసతో కొట్టినాడు. మళ్లా వాన, మళ్లా బొట్టు. ఇంకా రెండు గంపలు పోసినాడు. మంచం జరిపినారు గానీ బొట్టు ఆగలేదు. అప్పుడు ఆయప్పకు సిమెంటు మీద మనసు పడింది. కొత్తగా దొరుకుతున్న సరుకు, పట్నం వాళ్లంతా వాడుతున్నారు. అర్ధ మూట తెచ్చి మిద్దె మీద ఇంత పలక పోసి నున్నగా తీర్చినాడు. ఇంక వరుణదేవుడే వచ్చి దండం పెట్టాలన్నాడు.

ఏమైందో చెప్పుకో చూద్దాం. చెప్పలేవులే. మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. సిమెంటు దాంతోపాటు కదలదు. పలక అంచు చుట్టూ సన్నటి చీలిక పడి, నీళ్లు అందులోంచి దిగి, పైన మూత ఉన్నందుకు ఆరకుండా లోపలే నిలిచినాయి. ఒక్కచోట కారేది నాలుగు చోట్ల మొదలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆఖరికి దారి చూపింది జేజే. "నీళ్లు పడేచోట కాదురా, నీళ్లు వచ్చేచోట చూడు" అని, చిన్నాయనను చెంబుతో మిద్దె ఎక్కించి, తాను కింద దీపం పట్టుకొని నిలబడింది. ఆయప్ప కొంచెం కొంచెంగా, ఒక్కోచోట ఆగి ఆగి పోసుకుంటా వచ్చినాడు. ఎక్కడో దోనె మొదట్లో పోస్తే ఇక్కడ మంచం మీద బొట్టు పడింది. దోనె పక్కన ఎలుక బొక్క. నీళ్లు దాంట్లో దిగి, దంతె వెంబడి పాకుతా వచ్చి, కణుపు దగ్గర రాలుతున్నాయి. గుప్పెడు చౌడుతో పోయేదానికి అర్ధ మూట సిమెంటు! గోరుతో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

సామాన్లకు ఆదోనికి పోవాల్సిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే అంగడిలో సగం మాట తెలుగు, సగం కన్నడం, లెక్క ఉర్దూలో. 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చినాయి, రూపాయికి నూరు. అణాకు 6 పైసలని, మూడణాలకు 19 అని సర్కారు పట్టీ. చిన్నాయన అది చదువుకున్నాడు. మూడు మరమేకులు కావాలంటే ఒకటి కొని, 6 పైసలిచ్చి, మెట్టు దిగి, మళ్లా ఎక్కి ఇంకొకటి కొనేవాడు. మూడు ఆర్లు పద్దెనిమిది. ఒక పైస మిగిలిందని ఊరంతా చెప్పుకున్నాడు. అంగడాయన ఆ ఒక పైస ఊరికే ఇచ్చి పంపుదామన్నా తీసుకోలేదు.

ఎమ్మిగనూరులో మనకు చుట్టాలు మగ్గం వాళ్లు. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం నూలిచ్చేది, వీళ్లు నేసిచ్చేవాళ్లు. ఆయనకు 1954లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ చుట్టాలాయన గుంత మగ్గంలో కూర్చుంటే రిపేరు చెవితోనే చేసేవాడు. నాడె పోయి వచ్చే చప్పుడు రవ్వ మారితే చాలు, చెయ్యి ఆపేవాడు. పడుగులో పోగు తెగిందో, నాడె మొన గరుకెక్కిందో చూసుకొని, గరుకైతే గాజుపెంకుతో సన్నగా గీకి మళ్లా మొదలుపెట్టేవాడు. మన చిన్నాయన పక్కన కూర్చొని సలహాలిస్తా ఉంటే ఆయన ఊ కొట్టేవాడు. చెప్పేవానికి వినేవాడు లోకువ. నువ్వు నవ్వొద్దు, నీకూ అదే గతి పట్టింది ఈ పొద్దు.

సరే, రేడియో మాట ఎత్తకుండా ఎక్కడికో పోతున్నా. 1963లో కడపలో రేడియో కేంద్రం పెట్టినారు, మన జిల్లాలకు దగ్గరగా ఒక గొంతు వచ్చింది. చిన్నాయన ఒక పాత వాల్వు రేడియో తెచ్చినాడు. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి లైసెన్సు పుస్తకం తీసుకోవాల, అప్పట్లో వినడానికి కూడా సర్కారు అనుమతి కావాల్సిందే. మిద్దె మీద రెండు గళ్లు పాతి ఏరియల్ కట్టినాడు. ఎర్తు తీగకు తడినేల కావాలని ఎవరో చెప్తే దాన్ని తెచ్చి తులసికోటలో గుచ్చినాడు.

పొద్దున బాగా పలికేది. సాయంత్రమయ్యేసరికి గరగర. ఏరియల్ మార్చినాడు, గళ్లు ఎత్తు పెంచినాడు, జిన్నింగు మిల్లు మోటార్లను తిట్టినాడు. ఇంతలో జేజి రాఘవేంద్రస్వామి దర్శనానికి మంత్రాలయం పోయి అక్కడే కొన్నాళ్లుండింది. ఆ కొన్నాళ్లూ రేడియో పొద్దునా లేదు, రాత్రీ లేదు. ఆయమ్మ తిరిగొచ్చి, తానం చేసి, తులసమ్మకు చెంబుడు నీళ్లు పోసి ప్రదక్షిణ చేస్తుంటే లోపల పెట్టె ఉన్నట్టుండి గొంతెత్తింది.

సంగతి తెలిసినాక జేజి బేరం పెట్టింది. నీళ్లు పోసేది తానైనప్పుడు ఏ పాట పెట్టాలో చెప్పేదీ తానేనంది. పొద్దున భక్తి పాటలు అయ్యేదాకా ముల్లు కదిలించడానికి వీల్లేదు. చిన్నాయనకు సిలోన్ సినిమా పాటలంటే ప్రాణం. సాయంత్రం దొంగతనంగా తులసికోటకు నీళ్లు పోస్తా రెండుసార్లు దొరికిపోయినాడు.