తండ్రి వయసు, బిడ్డ మనసు

సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి వయసు గురించి పదిసార్లు అడుగుతాం. అబ్బాయికి నలభై దాటినా "మగవాడికి వయసేంటి?" అనేస్తాం. తీరా బిడ్డకు మానసిక జబ్బు వస్తే నింద తల్లి మీద పడుతుంది. శాస్త్రం మాత్రం తండ్రి వయసునూ లెక్కలోకి తీసుకోమంటోంది.

ఎందుకంటే, ఆడవారి అండాలు వారు పుట్టకముందే తయారై ఉంటాయి. మగవారిలో శుక్రకణాలు ఈడు వచ్చిన నాటి నుంచి కొత్తగా పుడుతూనే ఉంటాయి. ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తీయాలి. నోటుబుక్కు చూసి మళ్ళీ మళ్ళీ రాస్తే అక్షరదోషాలు దొర్లినట్టే, ఇందులోనూ దొర్లుతాయి. తండ్రి వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ బిడ్డలో సుమారు 2 కొత్త మార్పులు ఎక్కువవుతాయని 2012లో ఐస్‌లాండ్ పరిశోధకులు లెక్కగట్టారు. వాటిలో చాలావాటితో ఏ హానీ లేదు.

2001లో వెలువడిన జెరూసలేం అధ్యయనం స్కిజోఫ్రెనియా గురించి చూసింది. 25 ఏళ్ళలోపు తండ్రుల పిల్లల్లో సుమారు 141 మందిలో ఒకరికి, 50 దాటిన తండ్రుల పిల్లల్లో 47 మందిలో ఒకరికి ఆ జబ్బు వచ్చే అవకాశం కనిపించింది. అంటే మూడింతలు. అయినా మిగతా 46 మందికి రాలేదని మరచిపోకండి. కారణం వయసొక్కటే అనీ చెప్పలేం. వంశంలోని జబ్బు, ఇంటి పరిస్థితులు కూడా ఉంటాయి. మరీ చిన్న వయసులో తల్లులైన వారి పిల్లల్లోనూ కొన్ని మానసిక సమస్యలు ఎక్కువని డెన్మార్క్ అధ్యయనం చెప్పింది. ఆలస్యంగా పిల్లలు పుట్టిన అమ్మానాన్నలూ, దిగులు పడకండి. ఎవరినీ నిందించకండి.

వయసును మనం వెనక్కి తిప్పలేం, జబ్బును మాత్రం తొందరగా గుర్తించవచ్చు. స్కిజోఫ్రెనియా ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. పిల్లలు నిద్రపోకపోవడం, స్నేహితులకు దూరమవడం, ఉన్నట్టుండి చదువులో వెనకబడడం, ఎవరూ లేకుండా మాటలు వినబడుతున్నాయనడం కొన్ని వారాలు సాగితే, దిష్టి తీయించి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. మధురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడతారు.

పిల్లలూ, మీ మనసుకు ఏదైనా తేడాగా అనిపిస్తే దాచుకోకండి. ఇంట్లోనో, బడిలోనో నమ్మకమైన పెద్దవారికి చెప్పండి.