‘నారాయణరావు’ నవలలో రూపవర్ణన: చూపు ఎవరిది?

అడివి బాపిరాజు (1895–1952) రచించిన ‘నారాయణరావు’ నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి విశ్వనాథ ‘వేయిపడగలు’తో కలిపి లభించింది. కథానాయకునిది కోనసీమలోని కొత్తపేట. బాపిరాజు చిత్రకారుడు. రాజమహేంద్రవరంలో ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యుడు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ వద్ద చిత్రకళ అభ్యసించినవాడు. కనుక ఆయన పాత్రలు చిత్రాల వలె కనబడతాయనడం సులభం. ఆ మాట అసత్యం కాదు గాని, అంతటితో ఆగితే ఈ నవలలో రూపం నిర్వహించే పని మరుగున పడుతుంది.

కథ రైలు ప్రయాణంతో మొదలవుతుంది. మిత్రులతో కలిసి వస్తున్న నారాయణరావును విశ్వలాపురం జమీందారు చూస్తాడు. చూచి ముగ్ధుడై తన కుమార్తె శారదకు తగిన వరుడని భావిస్తాడు. కొత్తపేట కుటుంబం ఎంత సంపన్నమైనా జమీందారీ అంతస్తు కలది కాదు. ఆ వ్యత్యాసాన్ని దాటించినది ముందుగా యువకుని విగ్రహం. అంటే ఇక్కడ వర్ణన అలంకారం కాదు, కథకు కారణం.

పురుషసౌందర్యాన్ని ఒక పాత్ర కంటితో చూపడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. ‘మనుచరిత్ర’లో ప్రవరుని అందం వరూధిని చూపులోనే పాఠకునికి అందుతుంది. అక్కడ చూచినది మోహించిన స్త్రీ. ఇక్కడ పిల్లనివ్వదలచిన తండ్రి. ప్రబంధంలో శృంగారానికి చెందిన చూపు ఈ నవలలో పెండ్లి సంబంధాల లోకంలోకి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దపు గోదావరి మండలంలో వరుని ఎంపిక పెద్దల చేతిలో ఉన్నదన్న సామాజిక సత్యం ఈ చిన్న మార్పులో ఇమిడి ఉంది.

అయితే వివాహం జరిగిన తరువాత ఆ రూపం శారద ముందు పనిచేయదు. మేనబావ జగన్మోహనరావు మాటల ప్రభావం ఆమెపై ఉంది. జమీందారు బిడ్డనన్న అతిశయమూ ఉంది. పాఠకునికి సుందరుడుగా పరిచితుడైన మనిషి భార్యకు మాత్రం పరాయివాడుగానే మిగులుతాడు. నాయకుని సౌగుణ్యం మితిమీరినదన్న ఆక్షేపణలో కొంత న్యాయం ఉంది. కాని అతడు అంత సుందరుడు కాకపోతే ఈ నిరాదరణకు ఇంత పదును వచ్చేది కాదు. నవల చివరికి శారద అతనిని ప్రేమించేనాటికి కొత్తగా చెప్పవలసిన అందమేదీ అతనిలో లేదు. ఆనాడు రైలులో ఆమె తండ్రి చూచిన ముఖమే అది.