చక్కెర వెనుకే వచ్చిన బూజు



నాలుగు రోజులు ముసురు పట్టిందంటే, డబ్బాలో మిగిలిపోయిన బ్రెడ్డు మీద నల్లగా బూజు పడుతుంది చూశారూ? ఆ జాతి బూజే మనిషి ముక్కులో చేరి ప్రాణం మీదకు తెస్తుందంటే మొదట నేనూ నమ్మలేదండీ. 2021లో గాంధీ ఆసుపత్రి కరోనా రోగులతో నిండిపోయిన రోజుల్లో, మా మారేడ్‌పల్లిలో ఇంటింటా ‘బ్లాక్ ఫంగస్’ మాటే. మే 20న మన తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. కోఠీలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దీని వైద్యానికి ముఖ్యకేంద్రం చేశారు.

ఇది కొత్త రోగమనుకున్నాం. కాదు. 1885లోనే పాల్టాఫ్ అనే వైద్యుడు దీన్ని గురించి రాశాడు. చక్కెర వ్యాధి అదుపు తప్పినవాళ్ళంటే దీనికి మరీ లోకువ.

ఆ మాటకొస్తే, ఏ చీముకురుపైనా అంతే. వెనకటి రోజుల్లో మధుమేహం ఉన్నవారికి వీపున రాచకురుపు లేచిందంటే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయేది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. తరవాత పెనిసిలిన్ వచ్చింది. భయం తగ్గింది. దాంతోపాటు మన జాగ్రత్తా తగ్గిందేమో!

నెత్తుట్లో చక్కెర పెరిగితే, క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. కరోనాలో స్టెరాయిడ్లు ఎందరి ప్రాణాలో నిలబెట్టాయి. కాని అవే చక్కెరను పెంచాయి, ఒంటి కాపుదలను తగ్గించాయి. బూజుకు తలుపు తీసినట్టే అయింది. ఆంఫోటెరిసిన్ మందు కోసం జనం ఊరంతా తిరిగారు.

అప్పుడు మా చిన్నాడపడుచు కూడా ఆసుపత్రిలోనే ఉంది. ‘దగ్గు తగ్గిందా, అన్నం తిన్నావా’ అని రోజూ ఫోనులో అడిగాను గాని, ‘షుగర్ ఎంతుందమ్మా’ అని ఒక్కనాడూ అడగలేదు. పదో రోజున చెంప మొద్దుబారిందంది. ప్రాణం దక్కింది గాని, ఒక కన్ను పోయింది. ఆ అడగని మాట నన్నింకా తొలుస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నాను. షుగరున్న మనవాళ్ళు ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరినా, రోజూ చక్కెర ఎంతుందో అడగండి. అన్నం సయించలేదు కదా అని ఇన్సులిన్ మీ అంతట మీరు మాన్పించకండి, డాక్టరుగారిని అడగండి. అరికాళ్ళూ, సూది గుచ్చిన చోటూ చూస్తూ ఉండండి. ముఖం వాచినా, కన్ను ఉబ్బినా, ముక్కులోంచి నల్లగా కారినా రేపటిదాకా ఆగకండి.

ఒక్క ప్రశ్నే కదండీ. అడిగితే పోయేదేముంది? సెలవు.